తను కట్టించిన చర్చిలోనే అయిదేళ్లు చోటు దొరకని చక్రవర్తి: నాలుగో హెన్రీ గురించి మాట్లాడుకుందాం

రైన్‌గట్టు
శనివారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. నేను జర్మనీలో స్పైయర్ ఊరికి అరగంట దూరంలో ఉంటాను. పోయిన నెల అమ్మానాన్న వచ్చినప్పుడు అక్కడి కేథడ్రల్‌కి తీసుకెళ్లాను. 134 మీటర్ల పొడవున్న రాతి చర్చి. మెట్లు దిగితే చల్లటి నేలమాళిగ, ఆ పక్కనే రాజుల సమాధులు. ఎనిమిదిమంది జర్మన్ పాలకులు అక్కడ ఉన్నారు. ఒక్కొక్క పేరే చదివి అమ్మకి చెబుతూ నాలుగో హెన్రీ దగ్గర ఆగాను. ఆయన చనిపోయింది 1106లో, ఇక్కడ సమాధి చేసింది 1111లో.

"మరి మధ్యలో అయిదేళ్లు ఎక్కడ పెట్టారు?" అని అడిగింది అమ్మ.

బయటికొచ్చి చూపించాను. చర్చి ఉత్తరం గోడని ఆనుకుని సెయింట్ ఆఫ్రా పేరుతో చిన్న ప్రార్థన గది ఉంది. అప్పటికి దానికి ప్రతిష్ఠ జరగలేదు. పోప్ వెలివేసిన, అంటే చర్చి నుంచి బహిష్కరించిన మనిషిని పవిత్రమైన నేలలో పెట్టకూడదు కాబట్టి శవపేటికని అందులో ఉంచారు. స్పైయర్ చర్చిని తాత మొదలుపెడితే, దాన్ని ఇంకా పెద్దది చేసి పైన రాతి కమానుల కప్పు వేయించింది ఈ హెన్రీయే. "తను కట్టించిన గుళ్లో తనకే చోటు లేకుండా పోయిందా" అని అమ్మ అక్కడ బల్ల మీద చాలాసేపు కూర్చుండిపోయింది.

అప్పటినుంచి ఈ మనిషి నన్ను వదలట్లేదు. హెన్రీ అనగానే అందరూ కనోసా ఒక్కటే చెబుతారు. నాకు మాత్రం ఆయన కథ మొత్తం ఇంట్లోవాళ్ల కథలాగే కనిపిస్తోంది. అమ్మ, భార్య, కొడుకులు. మీరేమంటారు?

నీలికలువ
శనివారం, రాత్రి 9:40

కనోసా అంటే పోప్ వాకిట్లో మంచులో నిలబడ్డ రాజేనా అండి? నాకు అంతవరకే తెలుసు. మొదటినుంచి చెప్పరా ఎవరైనా.

చరిత్ర_మాస్టారు
శనివారం, రాత్రి 10:25

చెబుతానమ్మా. ఇంటర్ పిల్లలకి ముప్పయ్యేళ్లు చరిత్ర చెప్పి రిటైరయ్యాను. ఈ రాజు పాఠం రాగానే నేను పడవ దగ్గర మొదలుపెట్టేవాణ్ని.

హెన్రీ పుట్టింది 1050 నవంబరు 11న. నాలుగో ఏడు నిండకముందే ఆహెన్‌లో రాజుగా కిరీటం పెట్టారు. తండ్రి మూడో హెన్రీ గట్టి చక్రవర్తి, కానీ 1056 అక్టోబరులో ఉన్నట్టుండి పోయాడు. పిల్లవాడికి ఆరేళ్లు కూడా లేవు. తల్లి ఆగ్నెస్ కొడుకు తరఫున రాజ్యం చూసింది. ఆమె ఫ్రాన్స్ వైపు నుంచి వచ్చిన కోడలు. చుట్టూ ఉన్న డ్యూకులకీ బిషప్‌లకీ ఆమె మాటంటే లెక్క లేకపోయింది.

1062 వసంతకాలంలో తల్లీకొడుకులు కైజర్స్‌వెర్త్‌లో ఉన్నారు. అప్పట్లో అది రైన్ నదిలో ఒక లంక. కొలోన్ ఆర్చ్‌బిషప్ ఆన్నో అక్కడికి వచ్చి, విందయ్యాక, "నా కొత్త పడవ ఎంత బాగుందో చూద్దువు గాని రా" అని పిల్లవాణ్ని పిలిచాడు. పిల్లవాడు ఎక్కాడో లేదో తెడ్లు పడ్డాయి, పడవ నది మధ్యకి వెళ్లిపోయింది. తనని చంపేస్తారనుకుని హెన్రీ నదిలోకి దూకేశాడు. ఎక్‌బెర్ట్ అనే కౌంటు వెనకే దూకి, తనూ మునిగిపోయే పరిస్థితిలో, పిల్లవాణ్ని లాక్కొచ్చి పడవెక్కించాడు. రాజు ఎవరి చేతిలో ఉంటే రాజ్యం వాళ్లది. ఆన్నో ఆ పని పట్టపగలే చేశాడు.

1065లో పద్నాలుగేళ్లకి నడుముకి కత్తి కట్టారు, అంటే ఇక పెద్దవాడయ్యాడని. ఆ కత్తితో మొదట ఆన్నో మీదికే వెళ్లాలనుకున్నాడట. తల్లే ఆపింది.

మల్లెపందిరి
శనివారం, రాత్రి 11:02

మాస్టారూ, మా వాడికి ఇప్పుడు పదకొండేళ్లు. ఈత వచ్చినా కాలవ దగ్గరికి వెళ్లాలంటే నా చెయ్యి వదలడు. అంత నదిలోకి దూకాడంటే ఆ పసివాడి గుండె ఎంత కొట్టుకుని ఉంటుందో! పెద్దయ్యాక ఎవర్నీ నమ్మలేదని ఆయన్ని తప్పుపట్టేవాళ్లు ముందు ఈ పడవ సంగతి తెలుసుకోవాలి.

వరంగల్_కోట
ఆదివారం, ఉదయం 7:15

అక్కా, ఆ పిల్లవాడి మీద నాకూ జాలే. కానీ శాక్సన్ల, అంటే ఆయన ఏలుబడిలోని ఉత్తర జర్మనీ జనం, వైపు నుంచి కూడా ఒకసారి చూడాలి.

పెద్దవాడయ్యాక హెన్రీ హార్జ్ కొండల మీద వరసగా కోటలు కట్టించాడు. వాటిలో దక్షిణాన శ్వాబియా నుంచి తెచ్చిన తన సొంత మనుషుల్ని పెట్టాడు. చుట్టుపక్కల శాక్సన్ రైతులు ఆ కోటల్లో వెట్టి చెయ్యాలి, తిండిగింజలు ఇవ్వాలి. తండ్రి పోయాక చేజారిన రాజభూములన్నీ తిరిగి లాక్కోవాలన్నది ఆయన లెక్క. తరతరాలుగా దున్నుకుంటున్న నేల రాజుదని ఎవడో పైవాడొచ్చి అంటే ఎవరు ఊరుకుంటారు? వెట్టి అంటే ఏంటో మా తాతలకి బాగా తెలుసు. అందుకే ఈ భాగం చదివినప్పుడు నా మనసు రాజు వైపు వెళ్లదు.

1073 ఆగస్టులో శాక్సన్లు హార్జ్‌బుర్గ్ కోటని చుట్టుముట్టారు. రాజు రాత్రికి రాత్రే అడవిలోంచి పారిపోయాడు. మరుసటేడు సంధి కుదిరాక రైతులు ఆ కోట మీద పడి, అక్కడి చర్చిని కూడా పడగొట్టి, రాజు తమ్ముడివీ పసికొడుకువీ సమాధులు తవ్వి ఎముకలు విసిరేశారు.

చరిత్ర_మాస్టారు
ఆదివారం, ఉదయం 8:30

బాబూ, వెట్టి సంగతి నువ్వన్నది నూటికి నూరుపాళ్లు నిజం. ఆ సమాధులు తవ్వడం మాత్రం వాళ్లకే ఎదురు తిరిగింది. అంతవరకూ పక్కన నిలబడి చూసిన పెద్దలంతా రాజు వైపు వచ్చేశారు. 1075 జూన్‌లో లాంగెన్‌సాల్జా దగ్గర శాక్సన్లు చిత్తుగా ఓడిపోయారు.

అదే సమయంలో ఇంకోటి జరిగింది. నాకు చాలా ఇష్టమైన సంగతి. 1073 చివర్లో, పారిపోయి వచ్చిన రాజుకి డ్యూకులెవరూ అండగా లేని రోజుల్లో, వర్మ్స్ పట్నం జనం తమ బిషప్‌నే బయటికి తరిమి, ఆయుధాలు పట్టుకుని ఎదురొచ్చి హెన్రీని లోపలికి తీసుకెళ్లారు. 1074 జనవరి 18న ఆయన వాళ్లకి ఒక పత్రం రాసిచ్చాడు. ఫ్రాంక్‌ఫర్ట్, గోస్లార్ లాంటి రాజు గారి సుంకం చోట్ల ఇకమీదట వాళ్లు సుంకం కట్టనక్కర్లేదు. ఆ పత్రంలో "యూదులు, తక్కిన వర్మ్స్ వాసులు" అని ఉంటుంది. రాజులు పత్రాలిచ్చేది బిషప్‌లకీ మఠాలకీ ప్రభువులకీ. ఇక్కడ మాత్రం సంతలో సరుకు అమ్ముకునేవాళ్లకి ఇచ్చాడు.

నీలికలువ
ఆదివారం, ఉదయం 9:05

చాలా బాగుంది మాస్టారూ. మరి పోప్‌తో గొడవ ఎందుకొచ్చింది? బిషప్‌ని ఎవరు పెట్టాలి అన్నది అంత పెద్ద విషయమా?

సాయంత్రపు_గంట
ఆదివారం, మధ్యాహ్నం 1:20

నేను చెబుతానండి. మాది గుంటూరు వైపు క్రైస్తవ కుటుంబం, ఇప్పుడే చర్చి నుంచి వచ్చి రాస్తున్నాను.

ఆ కాలంలో బిషప్ అంటే ప్రార్థన చేయించే మనిషి మాత్రమే కాదు. ఆయన చేతిలో ఊళ్లు, పొలాలు, సుంకాలు, సైనికులు ఉండేవి. కొడుకులకి వారసత్వంగా పోని పదవి కాబట్టి రాజులు తమకి నమ్మకస్తులైనవాళ్లని బిషప్‌లుగా పెట్టుకుని, వాళ్ల మీద ఆధారపడి రాజ్యం నడిపేవాళ్లు. కొత్త బిషప్‌కి ఉంగరం, వంపు తిరిగిన కర్ర రాజే చేతికిచ్చేవాడు. ఉంగరం ఆత్మల బాధ్యతకి గుర్తు, కర్ర మందని కాసే కాపరిది. అవి రాజు చేతిమీదుగా ఎందుకు రావాలి, అందులోనూ డబ్బు తీసుకుని ఎందుకివ్వాలి అని రోమ్‌లో ఒక తరం గట్టిగా అడగడం మొదలుపెట్టింది. ఆ తరంలోంచి వచ్చినవాడే ఏడో గ్రెగొరీ, 1073లో పోప్ అయ్యాడు. ఆయన్ని అధికారం పిచ్చి ఉన్నవాడిగా చూపిస్తుంటారు. నేనలా అనుకోను. పదవులు అమ్ముడుపోకూడదన్న పట్టుదల నిజమైనది, ఈనాటికీ కావలసినది.

మిలాన్‌లో ఆర్చ్‌బిషప్‌గా హెన్రీ తన మనిషిని పెట్టడంతో తెగేదాకా వచ్చింది. 1076 జనవరి 24న వర్మ్స్‌లో ఇరవైమందికి పైగా బిషప్‌లతో కలిసి హెన్రీ పోప్‌కి ఉత్తరం రాశాడు. పోప్ అని కూడా అనలేదు, గ్రెగొరీ అసలు పేరు పెట్టి "దొంగ సన్యాసి హిల్డెబ్రాండ్‌కి" అని. చివర్లో "దిగిపో, దిగిపో" అని. అందుకు ఫిబ్రవరిలో గ్రెగొరీ రాజుని వెలివేశాడు. రాజుకి ఎవరెవరు ప్రమాణం చేశారో వాళ్లందర్నీ ఆ ప్రమాణం నుంచి విడుదల చేశాడు. ఆ సభలో హెన్రీ తల్లి ఆగ్నెస్ కూర్చుని ఉంది. ఆమె అప్పటికి చాలా ఏళ్లుగా రోమ్‌లోనే ఉంటోంది.

మల్లెపందిరి
ఆదివారం, మధ్యాహ్నం 1:48

కన్నకొడుకుని వెలివేస్తుంటే అక్కడే కూర్చుని వినాల్సి వచ్చిందా ఆవిడకి!

రైన్‌గట్టు
ఆదివారం, సాయంత్రం 5:30

ఇక కనోసా నేను రాస్తాను. మధ్యాహ్నం నుంచి ఇదే టైప్ చేస్తున్నాను.

వెలి అన్న మాట బయటికి రాగానే రాజు చుట్టూ ఉన్నవాళ్లు ఒక్కొక్కరే జారుకున్నారు. 1076 అక్టోబరులో ప్రభువులంతా రైన్ ఒడ్డున ట్రిబూర్‌లో కూడారు. అవతలి ఒడ్డున ఓపెన్‌హైమ్‌లో హెన్రీ. వాళ్ల షరతు: వెలి పడిన ఏడాదిలోగా అది తీయించుకో, లేకపోతే నువ్వు మా రాజువి కాదు. అంతటితో ఆగకుండా, ఫిబ్రవరిలో ఆగ్స్‌బర్గ్ రమ్మని, వచ్చి తీర్పు చెప్పమని పోప్‌ని పిలిచారు. పోప్ జర్మనీలో అడుగుపెట్టి, అందరి ముందు తీర్పరిగా కూర్చుంటే హెన్రీ పని అయిపోయినట్టే. ఆయన అక్కడికి చేరకముందే దారిలో కలవాలి. ఇదీ హెన్రీ టెన్షన్.

ఆ చలికాలం భయంకరమైనది. రైన్ నది నవంబరు నుంచి దాదాపు ఏప్రిల్ దాకా గడ్డకట్టే ఉందని లాంపెర్ట్ అనే సన్యాసి రాశాడు. మామూలుగా వెళ్లే కనుమలన్నిటి దగ్గరా దక్షిణాది డ్యూకులు కాపలా పెట్టారు. అందుకని హెన్రీ బుర్గుండీ మీదుగా చుట్టు తిరిగి, అత్తగారు ఆడెలైడ్ ఏలుబడిలో ఉన్న మోంసెనీ కనుమ ఎక్కాడు. వెంట భార్య బెర్తా, మూడేళ్లు కూడా నిండని కొడుకు కొన్రాడ్. కొండవాళ్లు ముందు నడుస్తూ మంచు తవ్వి దారి చేశారు. దిగేటప్పుడు అంతా నున్నటి మంచుగడ్డ. మగవాళ్లు చేతులూ మోకాళ్ల మీద పాకారు, ముందున్నవాడి భుజం పట్టుకుని జారారు. రాణినీ ఆడవాళ్లనీ ఎద్దుతోళ్ల మీద కూర్చోబెట్టి లాగుతూ దించారు. గుర్రాలకి కాళ్లు కట్టి ఈడ్చారు, చాలా గుర్రాలు చచ్చిపోయాయి.

ఇటలీలో దిగాక లంబార్డీ బిషప్‌లు పరుగెత్తుకొచ్చి, పోప్‌ని దించడానికే వచ్చావు కదా, మేం నీ వెంట ఉన్నాం అన్నారు. గ్రెగొరీ కూడా అదే భయపడి, టస్కనీ ఏలుతున్న మటిల్డా కోట కనోసాలోకి వెళ్లిపోయాడు. చేతికందిన సైన్యాన్ని హెన్రీ వాడుకోలేదు. 1077 జనవరి 25న రాజవస్త్రాలు తీసేసి, ఉన్నిబట్టతో, చెప్పుల్లేకుండా కోట గుమ్మం ముందుకెళ్లాడు. మూడు రోజులు. లోపల మటిల్డా, హెన్రీకి నామకరణం నాటి నుంచి జ్ఞానతండ్రి అయిన క్లూనీ మఠాధిపతి హ్యూ, అత్తగారు ఆడెలైడ్, అందరూ పోప్‌ని బతిమాలారు. గ్రెగొరీయే జర్మన్ ప్రభువులకి రాసిన ఉత్తరంలో ఒప్పుకున్నాడు: ఇది మత పెద్ద కాఠిన్యం కాదు, నిరంకుశుడి క్రూరత్వం అని తన ముందే కొందరు అన్నారని. 28న తలుపు తెరిచాడు. వెలి తీసేశాడు.

ఆ వాకిట్లో నిలబడ్డవాడి వయసు ఇరవయ్యారు.

వరంగల్_కోట
ఆదివారం, రాత్రి 8:10

అన్నా, ఎద్దుతోళ్ల దగ్గర నా ఒళ్లు జలదరించింది. ఒక జాగ్రత్త మాత్రం చెబుతాను. ఆ ప్రయాణం వర్ణించిన లాంపెర్ట్ హెర్స్‌ఫెల్డ్ మఠంలో కూర్చుని రాశాడు, ఆయనకి హెన్రీ అంటే పడదు. ఉన్నిబట్ట, ఒట్టికాళ్లు, మూడు రోజులు మాత్రం గ్రెగొరీ ఉత్తరంలోనే ఉన్నాయి కాబట్టి అవి గట్టివి. బొమ్మల్లో వేసినట్టు మూడు పగళ్లూ మూడు రాత్రులూ కదలకుండా మంచులో నిలబడ్డాడని అందులో లేదు.

ఎవరు గెలిచారంటే, నా ఉద్దేశంలో ఆ వారం గెలిచింది హెన్రీయే. పశ్చాత్తాపంతో వచ్చినవాణ్ని క్షమించకపోతే పోప్ పూజారే కాదు. క్షమిస్తే ఆగ్స్‌బర్గ్ తీర్పుకి పని లేదు. కానీ అంతకుముందు రాజంటే దేవుడి అభిషేకం పొందినవాడు, అతనిపైన మనిషెవడూ లేడు. కనోసా తరవాత ఆ మాట ఎప్పటిలా పలకడం ఏ రాజు తరమూ కాలేదు. ఎనిమిది వందల ఏళ్ల తరవాత, 1872లో, జర్మనీ ఛాన్సలర్ బిస్మార్క్ పార్లమెంటులో "మేం కనోసాకి వెళ్లం" అన్నాడంటే ఆ గాయం ఎంత లోతుదో చూడండి.

మల్లెపందిరి
ఆదివారం, రాత్రి 8:55

నాకు బెర్తా గురించి చెప్పాలని ఉంది. చిన్నప్పుడే కుదిర్చిన పెళ్లి. 1069లో హెన్రీ సభలో నిలబడి, ఆమె తప్పేమీ లేదు, కానీ నాకు కాపురం వద్దు అన్నాడు. రోమ్ నుంచి పీటర్ డామియన్ అనే పెద్దాయన వచ్చి, కుదరదు అని ముఖం మీదే చెప్పి వెళ్లాడు. అంతమంది ముందు అంత మాట పడ్డ మనిషి, ఏడేళ్ల తరవాత పసివాణ్ని ఒళ్లో పెట్టుకుని ఎద్దుతోలు మీద ఆ కొండ దిగింది. ఆమె 1087లో పోయింది. ఆ తరవాత హెన్రీకి ఇంట్లో మంచి రోజులు లేవు.

పాత_నాణెం
ఆదివారం, రాత్రి 10:20

కనోసా తరవాతి సంగతులు గబగబా చెప్పేస్తాను. వెలి తీసేసినా ప్రభువులు ఆగలేదు, మార్చిలోనే ఫోర్ష్‌హైమ్‌లో హెన్రీ బావగారు రుడోల్ఫ్‌ని వేరే రాజుగా ఎన్నుకున్నారు. మూడేళ్లు యుద్ధం. 1080 మార్చిలో గ్రెగొరీ హెన్రీని రెండోసారి వెలివేశాడు. ఈసారి జనం మొదటిసారిలా కదల్లేదు. అక్టోబరులో జరిగిన యుద్ధంలో రుడోల్ఫ్ కుడిచెయ్యి తెగిపోయి చనిపోయాడు. హెన్రీకి విధేయుడిగా ఉంటానని ప్రమాణం చేసిన చెయ్యి అదే. దేవుడి తీర్పు అని అంతా అనుకున్నారు. ఎండిపోయిన ఒక చేతిని అదేనంటూ మెర్సెబుర్గ్ కేథడ్రల్‌లో ఇప్పటికీ దాచారు.

1084 ఈస్టర్ రోజున రోమ్‌లో, తను పెట్టిన పోప్ మూడో క్లెమెంట్ చేత హెన్రీ చక్రవర్తి కిరీటం పెట్టించుకున్నాడు. రోమ్‌లోనే కోటలో చిక్కుకున్న గ్రెగొరీని విడిపించడానికి దక్షిణ ఇటలీ నుంచి వచ్చిన నార్మన్లు రోమ్‌ని దోచి తగలబెట్టారు. గ్రెగొరీ వాళ్లతోనే వెళ్లిపోయి మరుసటేడు సలేర్నోలో కన్నుమూశాడు.

సాయంత్రపు_గంట
సోమవారం, ఉదయం 6:40

"న్యాయాన్ని ప్రేమించాను, అన్యాయాన్ని ద్వేషించాను, అందుకే పరాయిచోట చనిపోతున్నాను" అన్నవి గ్రెగొరీ చివరి మాటలుగా చెబుతారు. ఇద్దరూ ఒకరినొకరు అలాగే పోగొట్టుకున్నారు.

హెన్రీ లెక్కలో నేను మనస్ఫూర్తిగా రాసుకునేది ఒకటుంది. 1090లో స్పైయర్, వర్మ్స్ యూదులకి రక్షణ పత్రాలిచ్చాడు. బలవంతంగా మతం మార్చకూడదని కూడా అందులో ఉంది. 1096లో మొదటి క్రూసేడ్ (జెరూసలేం కోసం చేసిన మతయుద్ధం) పేరుతో బయల్దేరిన గుంపులు ఆ ఊళ్ల మీద, మైన్జ్ మీద పడి వందలమందిని చంపాయి. అప్పుడు హెన్రీ ఇటలీలో చిక్కుకుపోయి ఉన్నాడు. 1097లో తిరిగొచ్చి, ప్రాణభయంతో బాప్తిస్మం తీసుకున్నవాళ్లు తమ మతంలోకి తిరిగి వెళ్లొచ్చని అన్నాడు. ఆయన పెట్టిన పోప్ కూడా దీన్ని తప్పుపట్టాడు, అయినా మాట వెనక్కి తీసుకోలేదు. 1103లో మైన్జ్‌లో రాజ్యమంతటికీ శాంతి ప్రమాణం చేయించినప్పుడు, దెబ్బ తగలకుండా కాపాడాల్సినవాళ్లలో యూదుల్ని కూడా చేర్చాడు. నా మతంవాళ్లు చేసిన పాపం అది. ఒక క్రైస్తవ రాజు దాన్ని కొంతైనా సరిదిద్దాలని చూశాడని తెలిసినప్పుడు నాకు కన్నీళ్లొచ్చాయి.

చరిత్ర_మాస్టారు
సోమవారం, ఉదయం 10:15

ఇటలీలో ఎందుకు చిక్కుకున్నాడో చెప్పాలి. 1093లో పెద్దకొడుకు కొన్రాడ్ తిరగబడి పోప్ పక్షాన చేరాడు. ఆల్ప్స్ మీద తల్లి ఒళ్లో ఉన్న పసివాడు అతనే. రెండో భార్య, కీవ్ రాజకుమారి యూప్రాక్సియా కూడా వదిలి వెళ్లి, 1095లో పియాచెంజా సభలో భర్త మీద ఘోరమైన ఆరోపణలు చేసింది. కనుమలు మూసుకుపోయి హెన్రీ వెరోనా చుట్టుపక్కలే ఏళ్ల తరబడి ఉండిపోయాడు.

పెద్దవాణ్ని తప్పించి చిన్నకొడుకు అయిదో హెన్రీని వారసుణ్ని చేశాడు. ఒకసారి దెబ్బతిన్న తండ్రి కదా, నేను బతికుండగా నా రాజ్యం జోలికి రానని వాడి చేత ముందే ఒట్టు వేయించుకున్నాడు. 1104 చివర్లో వాడూ తిరగబడ్డాడు. మరుసటేడు డిసెంబరులో కోబ్లెన్జ్‌లో కలిసినప్పుడు తండ్రీకొడుకులు ఒకరి మీద ఒకరు పడి ఏడ్చారు. నా ప్రాణం అడ్డు వేసి నిన్ను కాపాడతానని కొడుకు మాటిచ్చాడు. అలా నమ్మించి బోకెల్‌హైమ్ కోటలో బంధించాడు. క్రిస్మస్ పండగనాడు ప్రార్థన లేదు, స్నానం లేదు, గడ్డం గీసుకోవడానికి కూడా వీల్లేదు. ఇవన్నీ ముసలాయన తరవాత ఫ్రాన్స్ రాజుకి రాసిన ఉత్తరంలో చెప్పుకున్నాడు. డిసెంబరు 31న ఇంగెల్‌హైమ్‌లో కిరీటం వదులుకోవాల్సి వచ్చింది.

క్లాసులో ఈ ఉత్తరం చెప్పిన ప్రతిసారీ నా గొంతు పూడుకుపోయేది. పదకొండేళ్లప్పుడు పడవెక్కమని పిలిచినవాడు పరాయివాడు. యాభయ్యయిదో ఏట కోటలోకి రమ్మని పిలిచినవాడు కడుపున పుట్టినవాడు.

నీలికలువ
సోమవారం, ఉదయం 11:30

రైన్‌గట్టు గారూ, మీ అమ్మగారి ప్రశ్న దగ్గరికి వచ్చాం. ఆ అయిదేళ్లు చెప్పండి.

రైన్‌గట్టు
సోమవారం, రాత్రి 9:05

హెన్రీ తప్పించుకుని కొలోన్ మీదుగా లియేజ్ చేరాడు. పట్నాలు మళ్లీ ఆయన వైపే నిలబడ్డాయి. కొడుకుతో యుద్ధానికి సిద్ధమవుతుండగా 1106 ఆగస్టు 7న లియేజ్‌లో చనిపోయాడు. పోయేముందు తన కత్తినీ ఉంగరాన్నీ ఆ కొడుక్కే పంపించాడు. నా వెంట ఉన్నవాళ్లని క్షమించు, నన్ను స్పైయర్‌లో మావాళ్ల పక్కన పెట్టు అని అడిగాడు.

లియేజ్ బిషప్ కేథడ్రల్‌లో సమాధి చేస్తే, వెలిలో ఉన్నవాణ్ని ఎలా పెడతావని మిగతా బిషప్‌లు తవ్వించి తీయించారు. జనం మాత్రం వదల్లేదు. ఆయన సమాధి మట్టి తీసుకెళ్లి పొలాల్లో చల్లుకున్నారనీ, పంట బాగా రావాలని విత్తనాలు తెచ్చి శవపేటిక మీద పెట్టారనీ ఆనాటివాళ్లు రాశారు. పెద్దలు వద్దన్న మనిషి మీద రైతులు విత్తనాలు పెట్టారు. వరంగల్ తమ్ముడూ, నువ్వు చెప్పిన శాక్సన్ రైతుల పక్కన ఈ రైతుల్ని కూడా ఉంచు.

తరవాత పేటిక స్పైయర్ చేరి ఆఫ్రా గదిలో ఉండిపోయింది. 1111లో అయిదో హెన్రీ రోమ్ వెళ్లి, పోప్ రెండో పాస్కల్‌ని నిర్బంధించి మరీ చక్రవర్తి కిరీటం పెట్టించుకున్నాడు. తండ్రికి సమాధి అనుమతి కూడా తెచ్చాడు. ఆగస్టు 7న, సరిగ్గా చనిపోయిన తిథికి, ఆ చిన్న గదిలోంచి లోపలికి తీసుకెళ్లి బెర్తా ఉన్న చోటే సమాధి చేశారు.

ఆ తరవాతి వారం, ఆగస్టు 14న, కొడుకు స్పైయర్ జనానికి ఒక పత్రం రాసిచ్చాడు. మనిషి చనిపోతే ఆస్తిలో కొంత ప్రభువుకి కట్టాల్సి వచ్చే పన్ను తీసేశాడు. అందుకు బదులుగా ఏటా నాన్న పోయిన రోజున ఊళ్లోవాళ్లంతా కొవ్వొత్తులు పట్టుకుని చర్చికి రావాలి, ఇంటికొక రొట్టె పేదలకి ఇవ్వాలి. దాన్ని బంగారు అక్షరాలతో చర్చి ద్వారం మీద రాయించాడు.

నిన్న ఫోన్‌లో ఇది చెబితే అమ్మ కాసేపు ఏమీ అనలేదు. తరవాత, "ఆ కొడుకుని ఎక్కడ పెట్టారు?" అని అడిగింది.

అక్కడే అమ్మా, నాన్న దగ్గరే అని చెప్పాను.